రెండింతల ప్లాను

తమిళ ఊరైన ముదలియార్‌పేటలో అద్దె పాత్రల అంగడి నడిపే రఘునాథన్ మొదటి మాటకే అసలు సంగతి చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. పెండ్లి వంటకు అండాలు, అంటే పెద్ద పాత్రలు, అడగవచ్చినవాళ్ళకు నాలుగు సరిపోతాయని చూడగానే తెలిసినా, ఎనిమిది కావాలనే మొదలుపెట్టేవాడు. వాళ్ళు రెండు చాలంటారు. ఇతను ఆరంటాడు. కాసేపటికి నాలుగు దగ్గర ఇద్దరూ కలిసి, నవ్వుకుంటూ లేస్తారు. మొదటే నాలుగని చెబితే వాళ్ళు రెండే మోసుకుపోయి, బంతి సగంలో సాంబారు అయిపోయి, అంగడివాణ్ణి తిట్టుకుంటారు. అందుకని ఎక్కువ చెప్పడాన్ని అతను అబద్ధం కింద జమకట్టలేదు. ఎదుటివాడికి తగ్గించిన సంతోషం మిగిల్చడం కూడా సరుకులో భాగమే అన్నది అతని లెక్క.

కల్యాణ మండపం ప్లాను కూడా ఆ లెక్కతోనే గీయించాడు.

మండపం కట్టాలన్నది సరదాకు పుట్టిన ఆలోచన కాదు. అతని తాత అంగడి పెట్టిన రోజుల్లో పెండ్లంటే వీధికి అడ్డంగా పందిరి, పెరట్లో గాడిపొయ్యి. పాత్రలు అద్దెకు తెచ్చుకోక తప్పదు. ఇప్పుడు పెండ్లిళ్ళన్నీ మండపాలకు పోయాయి. ఒక్కొక్క మండపం తన అండాలు, తన గరిటెలు, తన కుర్చీలు తానే పెట్టుకుంది. రఘునాథన్‌కు మిగిలినవి గృహప్రవేశాలూ, చెవులు కుట్టే వేడుకలూ, పదోరోజు భోజనాలూ. ఇలాగే సాగితే ఇంకొన్నాళ్ళకు తాతనాటి ఇత్తడంతా తూకానికి పోతుంది. పాత్రలు ఉన్నవాడు బతకాలంటే వాటిని పెట్టుకునే హాలూ తనదే కావాలి. అందుకే ఒర్లియంపేటలో ఉన్న గోడౌనును అమ్మేసి, ముదలియార్‌పేట చివర వాన కాలువ పక్కన స్థలం తీసుకున్నాడు. తీసుకున్నది ప్లానుకు ఒక ఏడాది ముందు, చిత్తిరై నెల ఎండల్లో. అప్పుడా నేల చేటలా పరుచుకొని, బీటలు వారి, చూడ ముచ్చటగా ఉంది.

గోడౌను పోయాక సరుకంతా ఇంటికి చేరింది. హాల్లో అండాలు, వసారాలో కుర్చీలు, పూజగది గోడకు ఆనించి జల్లిగరిటెలు. భార్య అంబుజం వంటింట్లోకి పోవాలంటే పక్కకు తిరిగి పోవాలి.

"ఊళ్ళో వాళ్ళ పెండ్లిండ్లకంతా పోయివస్తా ఉండాయి గదా ఈ అండాలు. వీటికే ఒక మంచి సంబంధం చూసి పంపించేయరాదా?" అనేది ఆమె.

"హాలు లేచినంక నువ్వే సాగనంపుదువులే" అనేవాడు రఘునాథన్.

ప్లాను గీసే కలైయరసన్ తమిళవాడు. చిన్న ఆఫీసు, పెద్ద కంప్యూటరు, చుట్టూ తెలుగిళ్ళే కావడంతో నోటికి పట్టుబడిన తెలుగు. అతను స్థలం కొలిచి, ఆరునూరు మంది కూర్చునే హాలూ, పైన భోజనాల అంతస్తూ గీసి తెచ్చాడు. రఘునాథన్ దాన్ని చూసి, బాగుందని తల ఊపి, వెనక్కు ఇచ్చాడు.

"పన్నెండు నూరు మందికి పట్టేటట్టు మార్చు. ఇంకో అంతస్తు లేపు. కార్లకు నేల కింద గుంత కూడా గీయి."

"ఎందుకన్నా? మీకు కావాల్సింది ఆరునూరే గదా?"

"అనుమతి ఇచ్చే ఆఫీసోళ్ళు కొయ్యరా?"

"కోసేదంటూ ఉండదన్నా. రూలుకు సరిపోతే ఇస్తారు, లేకుంటే లేదు."

"కొయ్యనోడు ఎవుడుంటాడప్పా లోకంలో! ఉన్నదే రాస్తే వాళ్ళు కోసినంక మనకు మిగిలేది ఏంది? మండపమా, టీ కొట్టా?"

కలైయరసన్ పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. "ఇంత పెద్దదంటే పర్యావరణం చూసే కమిటీకి పోతుందన్నా. కూటమి పెట్టి, చుట్టుపక్కల జనాన్ని కూర్చోబెట్టి అడుగుతారు."

"అడగనీలే. ఆ జనంలో నా అండాల్లో ఉడికిన అన్నం తిననోడు ఎవుడో చెప్పు చూస్తాం."

అలా రెండింతల ప్లాను ఆఫీసుకు పోయింది.

కొన్నాళ్ళకు రమ్మని కబురొచ్చింది. పర్యావరణ విభాగంలో కూర్చునే అధికారిణి పేరు జనని. అతని కూతురి ఈడు ఉంటుంది. తమిళంలో నెమ్మదిగా, ఒక్కొక్క సంగతీ విడదీసి చెప్పింది. కట్టడం ఫలానా కొలత దాటింది కాబట్టి నీళ్ళు ఎక్కడివి, మురుగు ఎక్కడికి పోతుంది, బండ్లు ఎక్కడ ఆగుతాయి, వాన పడితే ఏమవుతుంది, అన్నీ చూడాలి. ఇరుగుపొరుగు మాట వినాలి. ఆ తరువాతే కమిటీ ఏదైనా చెబుతుంది.

రఘునాథన్ కుర్చీని కొంచెం ముందుకు జరుపుకున్నాడు. ఇలాంటి చోట మాట మొదలయ్యేది ఇక్కడినుంచే అని అతనికి తెలుసు.

"తగ్గించుకుందాం మేడం. మీరు ఎంతంటారో చెప్పండి."

"నేను అనేదేం లేదు సార్. మీరు రాసిందాన్ని చూస్తాను, అంతే."

"సరే, మీ మాట ఎందుకు తీసేయాలి. తొమ్మిది నూరు."

"అంటే ఈ ప్లాను వెనక్కు తీసుకుంటున్నారా?"

రఘునాథన్ కంగారుపడ్డాడు. అంగట్లో మాట దిగినంత మాత్రాన సరుకు లోపల పెట్టేసినట్టు ఎవరూ అనుకోరు. "లేదు మేడం, ఊరికే ఒక మాట అనుకుంటున్నాం" అన్నాడు.

"వెనక్కు తీసుకొని కొలతకు లోపల ఉండే ప్లాను ఇస్తే, అది నా దగ్గరికి రానక్కర్లేదు. మామూలు కట్టడపు అనుమతి చాలు. ఎలా చేయాలనేది మీ ఇష్టం" అంది జనని.

బయటికి రాగానే కలైయరసన్ స్కూటరు తీయకుండానే మొదలుపెట్టాడు. "వెనక్కు తీసుకోండన్నా. ఆరునూరుది ఇద్దాం. పని అయిపోతుంది."

కానీ రఘునాథన్ మనసులో అప్పటికే వేరే లెక్క నడుస్తోంది. ఎక్కువ అడిగితే కోస్తారనుకున్నాడు. కోయనే కోయమంటున్నారు. కోయనివాళ్ళు అడిగిందంతా ఇచ్చేస్తే? పన్నెండు నూరు మంది హాలు ఈ పక్కన ఇంకొకటి లేదు. అడ్డం చెప్పాల్సింది ఇరుగుపొరుగే, వాళ్ళేమో తనవాళ్ళే.

"ఒక్క కూటమి చూస్తాం. నోట్లో వచ్చిపడేదాన్ని మనమే ఎందుకు ఉమ్మేయాల?" అన్నాడు.

కూటమి వానలకు ముందు ఆడి నెలలో ఒక ఆదివారం పొద్దున, వీధివాళ్ళందరి హాలైన సముదాయ కూడంలో జరిగింది. కుర్చీలు కావాలని కూడం వాచ్‌మన్ తనకు అలవాటైన అంగడికే చెప్పాడు. అందువల్ల రఘునాథన్ మీద అభ్యంతరాలు చెప్పవచ్చినవాళ్ళంతా రఘునాథన్ ఎర్ర కుర్చీల్లోనే కూర్చున్నారు. అతను తలుపు దగ్గర తెల్లచొక్కాతో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ దండం పెట్టి, ఒక్కొక్కరి చేతిలో ఒక పసుపు సంచి పెట్టాడు. సంచిలో టెంకాయ, తమలపాకులు, ఒక అరటిపండు.

జనని లోపలికి రాబోతూ ఆగింది. "ఇదేంటి సార్?"

"తాంబూలం మేడం. పిలిస్తే వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపే అలవాటు మాకు లేదు."

"వీళ్ళను పిలిచింది మీరు కాదు, మేము. మీ ప్లాను మీద మాట చెప్పడానికి వచ్చారు. దయచేసి అన్నీ వెనక్కు తీసుకోండి."

సంచులన్నీ తిరిగి ఆటో ఎక్కాయి. ముందు వరసలో ఒక ముసలాయన అప్పటికే అరటిపండు తినేసి, తొక్కను మడిచి సంచిలో పెట్టి, మర్యాదగా అప్పగించాడు. కూడమంతా ఒక నవ్వు నవ్వింది. రఘునాథన్ కూడా నవ్వాడు. నవ్వే జనం ఇంకా తన చేతిలోనే ఉన్నారనుకున్నాడు.

మొదట లేచినవాళ్ళు బండ్ల రద్దీ గురించీ, బ్యాండు చప్పుడు గురించీ అడిగారు. వాటికి అతని దగ్గర జవాబులు ఉన్నాయి. తరువాత తిలకవతి లేచింది.

తిలకవతి ఇల్లు అతని స్థలానికి వెనకనే. తన కులమే, దూరపు వరసకు అక్క అవుతుంది. ఇంటి పక్క రేకుల షెడ్డులో పెద్ద గ్రైండర్లు వరసగా పెట్టుకొని ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. పొద్దున్నే ఆ వార్డులో సగం ఇళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకొని ఆమె గడపలో నిలబడతారు. ఆమె జననికేసి చూడలేదు, నేరుగా రఘునాథన్‌తో తెలుగులోనే మాట్లాడింది.

"రఘూ, ఆ స్థలం నువ్వు కొన్నింది ఏ నెల్లో?"

"చిత్తిరైలో అక్కా."

"వానలో చూసినావా దాన్ని?"

రఘునాథన్ చొక్కా చేతులు సర్దుకున్నాడు. చూశాడు. కొన్న ఏడే కార్తీకంలో తుపాను వచ్చింది. నీళ్ళు తగ్గాక కాదు, నిండా ఉన్నప్పుడే పోయి చూశాడు. అంచు తెలియలేదు. కాలువ ఎక్కడ, తన నేల ఎక్కడ, తేడా లేదు. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పకుండా, దాన్ని పూడ్చడానికి ఎన్ని లారీల మట్టి పడుతుందా అని మనసులోనే లెక్క వేసుకున్నాడు.

"మూడు వీధుల నీళ్ళు వచ్చి నీ పల్లంలోనే పండుకొనె" అంది తిలకవతి. "ఆడ పండుకొన్నందుకే నా షెడ్డు గడప కాడికి వచ్చి నిలిచిపాయ. ఇంక ఒక జానెడు లేచుంటే నా గ్రైండర్లన్నీ మునిగిపోయుండు. ఇప్పుడు నువ్వు ఆ పల్లం పూడ్చి, సుట్టూ గోడ లేపి, కింద గుంత తవ్వి కార్లు పండబెడతానంటా ఉండావు. మరి ఆ నీళ్ళు యాడికి పోయి పండుకోవాల? నా పిండిలోనా?"

తెలుగు తెలిసినవాళ్ళు పకపక నవ్వారు. తెలియనివాళ్ళు ఏమంది, ఏమంది అన్నారు. తమిళంలో చెప్పమని జనని అడిగితే తిలకవతి అంతా మళ్ళీ చెప్పింది. రెండోసారి ఇంకొంచెం కారం తగిలించింది.

"దీనికి మీరేమంటారు సార్?" అంది జనని.

రఘునాథన్‌కు తెలిసిన విద్య ఒక్కటే. "నేలమాళిగ తీసేస్తాను మేడం."

జనని రాసుకుంది. ఏమీ అనలేదు. అంగట్లో ఎదుటివాడు మాట్లాడకుండా ఉన్నాడంటే ఇంకా దిగమని అర్థం.

"మూడో అంతస్తు కూడా వద్దు."

రాసుకుంది.

"తొమ్మిది నూరు మందికే. ఎనిమిది నూరు అనుకోండి."

రాసుకుంటూనే ఉంది. వెనకనుంచి తిలకవతి అరిచింది. "నిలుపు రఘూ! ఆ పాప పెన్ను నిలిపేటట్టు లేదు. నువ్వు ఇట్లే దిగుతా పోతే కడాకు వాచ్‌మన్ రూము ఒక్కటే మిగులుతాది!"

ఈసారి కూడమంతా కుర్చీలు కదిలేలా నవ్వింది. జనని పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకొని, పెన్ను కింద పెట్టింది.

"సార్, మీకు నిజంగా ఎంతమందికి హాలు కావాలి?"

అలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. అంగడికి వచ్చినవాళ్ళెవరూ అలా అడగరు. జవాబు బయటికి వచ్చేటప్పుడు, నలుగురిలో చొక్కా విప్పుతున్నంత సిగ్గుగా అనిపించింది.

"ఆరునూరు."

"మరి పన్నెండు నూరు అని ఎందుకు రాశారు?"

దానికి చెప్పగలిగింది చాలా ఉంది. తాత చెప్పింది, తండ్రి చెప్పింది, ముప్పై ఏళ్ళు తాను చేసింది. అవేవీ ఇక్కడ చెల్లే సరుకు కాదు. జనని కాగితాలు సర్దుకొని, నీళ్ళ సంగతికి జవాబుతో రమ్మని, అప్పుడు మళ్ళీ కూర్చుందామని కూటమి ముగించింది.

మర్నాడు కలైయరసన్ ఇంటికి వచ్చాడు. పరిచే చోటు వేరే లేక, బోర్లించిన అండా మీదే ప్లాను పరిచాడు. మొదట గీసిన ఆరునూరు మంది హాలే అది. కొలతకు లోపల ఉంది.

"పెద్దది వెనక్కు తీసుకుంటాం. ఇది మామూలు దారిలో ఇచ్చేస్తాం. ఇంక కమిటీ లేదు, కూటమి లేదు, పిండి అక్క లేదు. వానలకు ముందే పునాది లేస్తే వచ్చే ఏడాది ఆవణి నెల ముహూర్తాలకు హాలు సిద్ధం."

"పల్లం?"

"పూడ్చేద్దాం. మనం చిన్న ప్లానుకు దిగినాక దాని గురించి ఎవరూ కూటమి పెట్టరు. కార్లు అక్కడే."

"వెనక్కు తీసుకోకుండా కమిటీలోనే ఉండిపోతే?"

"ఎప్పుడు ముగుస్తుందో ఎవరు చెప్పగలరన్నా? వానలు వచ్చేస్తాయి. పునాది సంక్రాంతి నెల, తై, తరువాతే. ఆవణి పోతుంది. ఐప్పసి నెల ముహూర్తాలూ పోతాయి."

అంబుజం పక్కకు తిరిగి కాఫీ తెచ్చి ఇచ్చి, పక్కకు తిరిగే వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఆమె మోచెయ్యి తగిలి అండా ఒకటి ఠంగుమంది; ఆ చప్పుడు రఘునాథన్‌కు బాగానే వినబడింది.

దారి స్పష్టంగా ఉంది. ఒక ఏడాది ముహూర్తాలు దక్కించుకోవాలంటే ఒక సంతకం చాలు. అయినా అతను ఆ మధ్యాహ్నం తిలకవతి షెడ్డుకు పోయాడు. కారణం పెద్దదేమీ కాదు. కూటమిలో తనను అంతమందిలో నవ్వులపాలు చేసిన మనిషికి, నీ మాట విని హాలు సగం చేశానక్కా అని చెప్పి, ఆమె మొహం ఎలా మారుతుందో చూడాలనుకున్నాడు.

తిలకవతి గ్రైండర్లు కడిగి బోర్లించి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని, నేల తుడుస్తోంది. అతను చెప్పింది విని చీపురు గోడకు ఆనించింది.

"ఆరునూరేనా? మంచిదే. పల్లం?"

"ఏంది అక్కా, సగం హాలు వదులుకొన్నా. ఇంకా పల్లం అంటావు?"

"హాలు నీది, వదులుకొంటే వదులుకో. నాకు పల్లం గదా కావాల్సింది."

ఆమె మూలనున్న బియ్యప్పిండి డబ్బా తీసి, ముగ్గు వేసినట్టు నేల మీద నాలుగు గీతలు గీసింది. ఇది కాలువ, ఇది వీధి, ఇది నా షెడ్డు. నడుమ మిగిలింది అతని స్థలం. అందులో కాలువ వైపు సగానికి పైగా చేత్తో చుట్టింది.

"ఇదంతా అట్లే ఉండాల. మట్టి పోయరాదు, గోడ కట్టరాదు."

రఘునాథన్ గొంతుక్కూర్చున్నాడు. ఒంట్లోకి ఎక్కడినుంచో ప్రాణం వచ్చినట్టయింది. ఇది తనకు తెలిసిన చోటు.

"అంత వదిలితే పెండ్లికొడుకును మా మిద్దె మీద కూర్చోబెట్టాల్నా? ఇదో, ఈ మూల." వేలితో పావు భాగం గీశాడు.

"ఆ మూలలో నా ఒక్క గిన్నె నీళ్ళు పట్టవు." అతని గీతను అరచేత్తో చెరిపి ఇంకొకటి గీసింది.

"కార్లు యాడ పెట్టాల అక్కా?"

"ఎండాకాలం ఈడనే పెట్టుకో. వద్దన్నానా? వాన కాలం వీధిలో పెట్టుకో. మట్టి పోయకుంటే చాలు."

"గోడ లేకుంటే ఆవులు వస్తాయి, పందులు వస్తాయి. పందిట్లో పందులా?"

"వల కంచె వేసుకో. నీళ్ళు దాంట్లో దూరి పోతాయి, పందులు దూరవు."

గీతలు చెరిగాయి, పడ్డాయి. అతను పావునుంచి మూడో వంతుకు వచ్చాడు. ఆమె సగానికి పైనుంచి సగానికి వచ్చింది. మాటమాటకూ ఇద్దరి గొంతులూ లేచాయి. పక్కింటావిడ తొంగిచూసి, కొట్టుకోవడం లేదని తెలిసి వెళ్ళిపోయింది. చివరికి హాలును వీధి వైపుకు కొంచెం జరిపి, కాలువ వైపు సగానికి ఒక బారెడు తక్కువ వదిలేటట్టు ఒప్పుకున్నారు. రఘునాథన్ చేతులు దులుపుకున్నాడు. ఆ స్థలం విషయంలో అతనికి సంతోషం కలిగింది ఆ ఒక్క గంటలోనే.

"ఇంకేం, ఆఫీసులో చిన్న ప్లాను ఇచ్చేస్తా. పల్లం జోలికి పోను. నా మాట."

"కమిటీలో రాయించుకొని రా" అంది తిలకవతి.

"నా మాట చాలదా అక్కా?"

"నీ మాట చాలు రఘూ. నీ వెనకాల ఆ హాలు కొనేవాని మాట?"

రఘునాథన్ అంగడి మనిషి కాబట్టి ఆ సంగతి ఒకరు వివరించనక్కర్లేదు. సరుకు చేతులు మారేటప్పుడు దాని వెంట పోయేవి వేరు, పోనివి వేరు. మూత పోతుంది, గొలుసు పోతుంది, పాత యజమాని ఇచ్చిన మాట పోదు. కొనేవాడి దాకా ఎందుకు? తననే ఆ చోట నిలబెట్టుకొని చూసుకున్నాడు. నాలుగు ముహూర్తాలు బాగా నడిచిన ఏడు, కార్లు పెట్టే చోటు చాలడం లేదని నలుగురు అన్న ఏడు, వానలు తక్కువైన ఏడు, ఒక లారీ మట్టితో ఏమవుతుందిలే అని తనే అనుకోడా? అనుకుంటాడు. తుపాను నీళ్ళు చూసి వచ్చిన రోజే లారీలు లెక్కపెట్టిన మనిషి అతను.

అయినా చివరి ప్రయత్నంగా ఒక రాయి వేసి చూశాడు. "సరే అక్కా, కమిటీలోనే పెడతా. ఒక ఏడాది ముహూర్తాలు పోతాయి నాకు. దానికి బదులుగా నీ మనవరాలి పెండ్లి మా హాల్లోనే, ఏమంటావు?"

తిలకవతి విరగబడి నవ్వింది. "మా యింటి పెండ్లిండ్లు ఏనాడైనా హాల్లో అయినాయా? కోయిల్లోనే, దేవుడి ముందరనే. నీ హాలుకు వచ్చి భోంచేసిపోతా, అంతే."

అంటే ఈ బేరంలో ఆమె వైపునుంచి వచ్చేది సున్నా. రఘునాథన్ ఇంటికి నడిచిపోతూ రెండు పక్కలా బరువులు పెట్టి చూసుకున్నాడు. ఒక పక్క ఆవణి, ఐప్పసి. ఇంకో పక్క, కాలంతో పాటు మారే తన మనసు, తన తరువాత వచ్చే ముక్కు మొహం తెలియని మనిషి మనసు, వాటి కింద మునిగే గ్రైండర్లు. పొద్దున్నే గిన్నెలు పట్టుకొని నిలబడే జనం వేరే ఎవరో కారు, రేపు తన హాలుకు రావాల్సినవాళ్ళే. వాన రాత్రి పల్లం లేక ఇళ్ళలోకి నీళ్ళు వస్తే, అదంతా మండపం పేరు మీదే రాసిపెడతారు. ఆ రాత చెరిపే కాగితం ఏ ఆఫీసూ ఇవ్వదు. బరువులు సరిగ్గా తూగలేదు. ఎటు మొగ్గిందో మాత్రం తెలిసింది. కలైయరసన్‌కు ఫోను చేశాడు.

జనని ముందు ఆరునూరు మంది ప్లాను పరిచినప్పుడు ఆమె కొలతలు చూసి తల ఎత్తింది. "ఇది పరిమితికి లోపలే ఉంది సార్. నా దగ్గరికి రానక్కర్లేదని చెప్పాను కదా."

"పెద్దదాన్ని వెనక్కు తీసుకోవడం లేదు మేడం. దాన్నే ఇంతకు తగ్గిస్తున్నాను. కమిటీలోనే ఉండనివ్వండి. ఈ పల్లం పూడ్చరాదు, గోడ కట్టరాదు అని షరతు రాయండి."

"మీ మీద మీరే షరతు అడుగుతున్నారా?"

"నా మీద కాదు మేడం, స్థలం మీద. నేను రేపు అమ్ముకోవచ్చు. స్థలం యాడికీ పోదు."

జనని ప్లానును ఇంకోసారి నెమ్మదిగా చూసింది. సవరణ కింద తీసుకోవచ్చునని, మళ్ళీ ఒక కూటమి ఉంటుందని, కమిటీ ఎప్పుడు తేలుస్తుందో తాను మాట ఇవ్వలేనని చెప్పింది. రఘునాథన్ ఎన్నాళ్ళని బేరం పెట్టలేదు. ఆమె వేలు పెట్టిన చోట సంతకం చేశాడు.

ఇంటికి వచ్చి అంబుజానికి చెప్పాడు. ఆమె పొయ్యి దగ్గరనుంచి తిరగకుండానే అడిగింది. "అంటే ఇంకో వానకాలం ఈ అండాలతోనే కాపురం?"

"ఇంకో వానకాలం, ఇంకో ఎండాకాలం కూడా."

"సరి. పూజగది కాడ ఉండే జల్లిగరిటెలనన్నా మిద్దె మీదికి ఎక్కియండి. దండం పెట్టుకొనే దానికి చెయ్యి చాచితే గరిటె తగులుతా ఉండాది."

అతను ఆ సాయంత్రమే ఎక్కించాడు. ఆవణికి హాలు దొరుకుతుందా అని ముందే అడిగిపెట్టిన ఒక కుటుంబం వస్తే, దొరకదని మొదటి మాటకే చెప్పి, ఇంకో మండపం పేరు చెప్పి పంపాడు.

రెండో కూటమి కూడా ముగిసి, కమిటీ ఉత్తర్వు ఐప్పసి వానల్లో వచ్చింది. హాలు కట్టుకోవచ్చు, కాలువ వైపు భాగం ఉన్న మట్టంలోనే ఉండాలి, స్థలం ఎవరి చేతికి పోయినా సరే. రఘునాథన్ దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని, గొడుగు వేసుకొని తిలకవతి షెడ్డుకు పోయాడు. ఆమె చేతులు తుడుచుకొని, తమిళంలో ఉన్న ఆ కాగితాన్ని వేలితో వరస వరసా చదివింది. చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికి పోయింది.

"కంచె రాసినారు. గేటు యాడ?"

"గేటు ఎందుకక్కా పల్లానికి?"

"కాలువలో చెత్త అడ్డం పడితే ఎవురు పోయి తీస్తారు? లోపలికి పొయ్యేదానికి దావ ఉండొద్దా?"

"నా హాలు పక్కనుంచి పోవచ్చు గదా."

"పెండ్లి జరుగుతా ఉంటే పార పట్టుకొని పందిట్లోనుంచి పోవాల్నా నేను? నా వైపు ఒక గేటు పెట్టు."

"నీ వైపు పెడితే నీ పిండి కొనేవాళ్ళంతా నా స్థలంలో నుంచి అడ్డదారి తొక్కుతారు. కాలువ మూలలో పెడతా."

"మూలలో బురద. పార మోసుకొని నేను పోగలనా?"

వాన కొంచెం సన్నబడింది. తిలకవతి గ్రైండరు ఆపి, కోడలికి చెప్పి, గొడుగు తీసుకుంది. చూపించి చెప్పాల్సిన సంగతి కాబట్టి ఇద్దరూ స్థలం దగ్గరికి పోయారు. పల్లం నిండి ఉంది. నీళ్ళు చప్పుడు లేకుండా పరుచుకొని, కాలువలోకి మెల్లగా జరుగుతున్నాయి. రఘునాథన్ పంచె మడిచి కట్టుకొని మోకాటి లోతుకు దిగి, ఒక కర్ర నాటి, "ఈడ" అన్నాడు.

గట్టు మీదినుంచి తిలకవతి చెయ్యి ఊపింది. "ఇంకొంచెం ఇవతలికి రా."

అతను కర్ర పీకి, ఒక అడుగు ఇవతలికి వేశాడు.